వ్రాయించుటయు, వ్రాత నేర్పుటయు



ఈ ధర్మనిధి యే ఆచార్యుని పేర నెలకొల్పబడినదో ఆయన కృష్ణాతీరమున ఒక ఉన్నతపాఠశాలలో చిరకాలము రేఖాగణితము బోధించి, ఉద్యోగవిరమణానంతరము కుమార్తెయొద్ద ఈ న్యూజెర్సీలో శేషజీవితమును గడపిన మహనీయుడు. ఆయన సౌశీల్యమును, శిష్యవాత్సల్యమును పూర్వవక్తలు సవిస్తరముగా కీర్తించియున్నారు గనుక నేనొక్క సంగతి మాత్రము మనవి చేసెదను. సిద్ధాంతమును నిరూపించునపుడు ‘కావున’ అను మాటకు ముందు కారణమును పూర్ణవాక్యముగా వ్రాయని విద్యార్థికి, పటము ఎంత చక్కగా గీసినను, తుదిఫలితము సరియైనదే యైనను, ఆయన పూర్తి మార్కులు వేసెడివారు కారు. దానిని పలువురు నిష్కారణకాఠిన్యమని తలచిరి. ఆయన విద్యాసేవకంతటికిని అదియే సారమని నా నిశ్చితాభిప్రాయము. ఆయన పేర నాకొసగిన ఈ గౌరవమును నేను అంగీకరించుటకు గల ప్రధానకారణము కూడ అదియే. ఏలయన నేను చిరకాలముగా చేయుచున్న వాదమునకు ఆయన తరగతిగదియే మొదటి సాక్ష్యము. విద్యార్థులచేత వ్రాయించుట యొకటి, వారికి వ్రాత నేర్పుట మరియొకటి. ఈ రెండవ పని భాషోపాధ్యాయుని కొక్కనికే చెందినది కాదు, గణితము, రసాయనశాస్త్రము, చరిత్ర బోధించు ప్రతివారిదియు నైయున్నది.

ఈ దేశమున వ్రాతచదువునకు గల పూర్వచరిత్ర మీకు సుపరిచితమే. హార్వర్డు 1874లో ప్రవేశపరీక్షయందు ఆంగ్లవ్యాసమును నిర్బంధముచేసినది. 1975 డిసెంబరులో ‘న్యూస్‌వీక్’ పత్రిక పిల్లలకు వ్రాయుట రాదని ముఖపత్రకథ ప్రచురించి దేశమునెల్ల కలవరపెట్టినది. బర్క్‌లీలో జేమ్స్ గ్రే 1974లో ఆరంభించిన ఉపాధ్యాయశిక్షణ కాలక్రమమున నేషనల్ రైటింగ్ ప్రాజెక్టుగా విస్తరించినది. కార్ల్‌టన్ కళాశాలలోను, మిచిగన్ టెక్‌లోను అన్ని శాఖల ఆచార్యులును విద్యార్థులచేత వ్రాయించు ఉద్యమము తలయెత్తినది. 2010 నాటి కామన్ కోర్ ప్రమాణములు ఆరవ తరగతి మొదలు చరిత్ర, విజ్ఞానశాస్త్రముల యందును వ్రాతను విధించినవి. వీనినిగూర్చి నాకు వివాదము లేదు.

నా వివాదమంతయు ఒక్క ప్రతిపాదనముతోడనే. 1977లో జానెట్ ఎమిగ్ ప్రకటించిన ప్రసిద్ధవ్యాసమున, వ్రాత జ్ఞానార్జనమునకు అనన్యసాధనమనియు, కన్నును, చేతిని, మెదడును ఏకకాలమున నియోగించుటవలనను, ఆలోచనను మన యెదుట నిలిపి మరల చూచుకొన నిచ్చుటవలనను దానికా శక్తి కలుగుచున్నదనియు, విగోట్‌స్కీ, లూరియా, బ్రూనరుల భావములను ఆధారముచేసికొని వాదింపబడినది. వ్యాసము గొప్పది. కాని ఆమె యనుయాయులు దానినుండి తీసిన నిష్కర్ష, అనగా పిల్లలచేత దినదినము ఏదో యొకటి వ్రాయించినచో విషయజ్ఞానమును, వ్రాతనైపుణ్యమును రెండును తామై వచ్చునను విశ్వాసము, నాకెన్నడును సమ్మతము కాలేదు.

ఏల కాలేదో చెప్పెదను. జుడిత్ లాంగర్, ఆర్థర్ యాపిల్‌బీలు 1987లో తమ గ్రంథమున చూపినదేమి? చిన్న ప్రశ్నలకు జవాబులు వ్రాసినవారు విడివిడి సంగతులను గుర్తుంచుకొందురు. విశ్లేషణవ్యాసము వ్రాసినవారు కొద్ది విషయములనే యైనను లోతుగా గ్రహింతురు. అనగా ఫలము వ్రాత యను సామాన్యక్రియను బట్టి గాక ఏ విధమైన వ్రాత యనుదానిని బట్టి యుండును. 2004లో బాంగర్ట్-డ్రౌన్స్ ప్రభృతులు 48 పాఠశాలా కార్యక్రమములను కూర్చి లెక్కవేయగా తేలిన లాభము స్వల్పము. తన అవగాహనను తానే పరీక్షించుకొనునట్లు ప్రశ్నలిచ్చినచోట లాభము హెచ్చినది, వ్రాతపని నిడివి పెంచినచోట తగ్గినది. దీర్ఘముగా వ్రాయించుటయే మేలనువారు ఈ చివరి మాటను ఏల మరతురో నాకు బోధపడదు.

ప్రతిపక్షులు నాపై ప్రయోగించు బలమైన సాక్ష్యము 2020లో గ్రాహం, కియుహారా, మెకే గార్లు ప్రకటించిన సమీక్ష. విజ్ఞానశాస్త్రము, సాంఘికశాస్త్రము, గణితము మూడింటను, ప్రాథమికస్థాయి మొదలు ఉన్నతస్థాయివరకు, వ్రాత విషయజ్ఞానమును పెంచునని అందు 56 ప్రయోగముల వలన నిర్ణయింపబడినది. నేను దానిని శిరసావహించుచున్నాను. అయితే ఆ ప్రయోగములు కొలిచినది విషయజ్ఞానమును. పిల్లవాని వాక్యము బాగుపడెనా అనునది వేఱు ప్రశ్న. ఎమిగ్ వ్యాసము వెలువడిన ముప్పదినాలుగేండ్లకు, 2011 జాతీయపరీక్షలో, ఎనిమిదవ, పన్నెండవ తరగతులు రెంటను ప్రావీణ్యస్థాయి నందుకొన్నవారు నూటికి 27 మంది మాత్రమే.

ఇక రెండవ ఆక్షేపము. నేను వాక్యనిర్మాణమును నేర్పుమనగా వ్యాకరణము వల్లెవేయించుమని అర్థము చేసికొని, దానివలన ప్రయోజనము లేదని 1963లోనే బ్రాడక్ ప్రభృతుల నివేదిక తేల్చినదని కొందరు నన్ను వారించిరి. ఆ నివేదిక తప్పుపట్టినది పదములకు పేర్లు పెట్టించు బోధనను. ఫ్రాంక్ ఓహేర్ 1973లో ఏడవ తరగతి పిల్లలకు, వ్యాకరణపరిభాష లేకుండ, చిన్న వాక్యములను సంధించి పెద్ద వాక్యము చేయుట నేర్పి సత్ఫలితము సాధించెను. 2007లో గ్రాహం, పెరిన్ గార్ల ‘రైటింగ్ నెక్స్ట్’ నివేదికలో వ్యాకరణపాఠము ప్రతికూలముగాను, వాక్యసంధానము అనుకూలముగాను తేలినవి. ఒకే నివేదికలోని ఈ రెండు ఫలితములలో మొదటిదానినే ఉదాహరించుట న్యాయము కాదు.

వాక్యబోధనకు నిదర్శనముగా న్యూయార్కు నగరమున, స్టాటన్ ద్వీపములోని న్యూ డార్ప్ ఉన్నతపాఠశాల ఉదంతమును కొంచెము విస్తరించి చెప్పవలెను. స్టైన్‌బెక్ నవల చదివిన పిల్లలను, ‘అయినప్పటికిని’ అను అర్థమిచ్చు ఆంగ్లపదముతో మొదలిడి ఒక వాక్యము వ్రాయుమనగా, పలువురు మొదటి ఉపవాక్యము వ్రాసి అక్కడనే చుక్క పెట్టిరి. ఆ పదము వెనుక ఒక విరోధము రావలెనను ఊహయే వారికి లేదు. అది తెలిసిన పిమ్మట, వాక్యనిర్మాణమును నేర్పు జుడిత్ హాక్‌మన్ పద్ధతిని అనుసరించి, రసాయనశాస్త్రపు ఉపాధ్యాయుడు కూడ ఆ పనికే పూనుకొనెను. ఉదజని మండునదియు, ఆమ్లజని మంటను పోషించునదియు నైనను వాని సంయోగమగు నీరు నిప్పు నార్పును. ఈ వాక్యమును స్వయముగా కట్టగలిగిన విద్యార్థి భాషను నేర్చెనందుమా, రసాయనశాస్త్రమును నేర్చెనందుమా? 2009లో నూటికి 67గా నుండిన ఆంగ్లపరీక్షోత్తీర్ణత 2011 నాటికి 89 అయినది. చరిత్రలో 64 నుండి 75కు పెరిగినది. ఆ పాఠశాలలో ఇతర సంస్కరణలును జరిగినవి గాన ఈ యొక్క నిదర్శనమే చాలునని నేననను. కాని నల్లజాతి బాలుర చదువును గూర్చి లీసా డెల్పిట్ 1988లో చేసిన హెచ్చరిక ఇచట స్మరణీయము: ఇంటివద్ద పాఠశాలలోని భాషాసంప్రదాయము అలవడని పిల్లలకు నియమములను స్పష్టముగా చెప్పనిచో, స్వేచ్ఛ పేర వారిని వెలుపల నిలిపినట్లే యగును.

మనవారి చరిత్రయు ఇట్టిదే. 1911 మొదలు మద్రాసు రాజధానిలో చెలరేగిన తెలుగు వ్యాసరచనావివాదమున గిడుగు, జయంతి, గురజాడ వారలు పోరాడినది ప్రధానముగా ఏ భాషారూపమున వ్రాయవలెనను విషయమును గూర్చి. ఆ పోరు ఎంత యావశ్యకమైనదో నేను చెప్పనక్కఱలేదు. శాస్త్రము చదువు బాలునకు కార్యకారణములను తెలుగువాక్యమున నిలుపుట యెవరు నేర్పవలెనను ప్రశ్న మాత్రము నేటికిని నిలిచియే యున్నది.

నేనిప్పుడు చేయుచున్న పని ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే. ఇచ్చటి మన పిల్లలు వారాంతపు బడులలో అక్షరములు, పద్యములు, పండుగల పేర్లు నేర్చుచున్నారు. వారముదినములలో నేర్చిన విజ్ఞానమునకు, చరిత్రకు ఆ తెలుగులో చోటు లేదు. కావున మూడవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వరకు వారి పాఠ్యాంశములనే తీసికొని తెలుగువాక్యాభ్యాసములను కూర్చుచున్నాను. ‘మంచుగడ్డ నీటివలననే ఏర్పడినను...’ అని యిచ్చి పూరింపుమందును. ఒక నాలుగవ తరగతి బాలిక మొదట ‘చల్లగా నుండును’ అని వ్రాసి, పళ్లెములోని నీటిలో మంచుముక్క వేసి చూచిన పిమ్మట దానిని కొట్టివేసి ‘నీటిలో మునుగదు’ అని వ్రాసినది. తరువాతి వాక్యమున కారణము కావలెను: ‘గడ్డకట్టునపుడు నీరు వ్యాకోచించినందున...’ మన భాషలోని అప్యర్థకము, హేత్వర్థకము పరిభాషగా ఆ బాలికకు తెలియనక్కఱలేదు. వాని పని ఆమెకు తెలిసినది. అట్టి అభ్యాసములు విజ్ఞానశాస్త్రమునకు కొంతవరకు సిద్ధమైనవి. గణితమునకు చాల కొఱత యున్నది. అమెరికా చరిత్రకు దాదాపు శూన్యము.

ఈ సభలో అమెరికా పాఠశాలలందు గణితము, విజ్ఞానశాస్త్రము, చరిత్ర బోధించువారు పలువురున్నారు. అయ్యలారా, అమ్మలారా, మీ తరగతిలో పిల్లలు తడబడిన వాక్యములను, మీరు వానిని సరిదిద్దిన తీరును వ్రాసి నాకు పంపుడు. తెలుగు చేయు భారము నాది.