బండి మీద ఉన్నవాడికి ఫోన్ చేయకండి

(మన సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను ఉపన్యాసకుణ్ణి కాను. 31 సంవత్సరాలు బస్సు నడిపి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసిన విద్య ఒక్కటే, రోడ్డు. కనుక దాన్ని గురించే నాలుగు ముక్కలు చెప్పి సెలవు తీసుకుంటాను.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో డ్రైవరు సీటు దగ్గర "డ్రైవరుతో మాట్లాడరాదు" అని రాసి ఉండేది. కండక్టరు సైతం ఆగాలంటే "హోల్డాన్" అనేవాడు, కదలాలంటే "రైట్ రైట్" అనేవాడు. అంతకు మించి మాట లేదు. యాభై మంది ప్రాణాలు చేతిలో పెట్టుకున్నవాడి దృష్టి చెదరకూడదని ఆ ఏర్పాటు. ఈనాడు ఆ మాటను ప్రతి ఇంట్లోనూ రాసుకోవలసిన అవసరం వచ్చింది. ఎందుకంటే డ్రైవరుతో మాట్లాడేవాడు ఇప్పుడు బండిలోనే ఉండనక్కర లేదు. ఎక్కడో ఇంట్లో మంచం మీద కూర్చుని మాట్లాడుతున్నాడు. పక్క సీట్లో ఉన్నవాడైతే ఎదురుగా లారీ రాగానే నోరు మూసుకుంటాడు. ఫోనులో ఉన్నవాడికి లారీ ఎలా కనిపిస్తుంది చెప్పండి?

ముందు చట్టం సంగతి చూద్దాం. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించారు. ఆ సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి ఆ శిక్షలు అమలులోకి వచ్చాయి. 184వ సెక్షన్ ప్రకారం బండి నడుపుతూ చేతిలో ఫోన్ పట్టుకుని వాడటం ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందికి వస్తుంది. మొదటి తప్పుకు 1,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది వరకు జైలు, లేదా రెండూ. మూడేళ్ళ లోపల మళ్ళీ అదే తప్పు చేస్తే 10,000 రూపాయల జరిమానా, లేదా రెండేళ్ళ వరకు జైలు, లేదా రెండూ. కోర్టు దాకా పోకుండా కట్టి వదిలించుకునే మొత్తాన్ని ఆయా రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి. అందుకే ఒకచోట విన్న అంకె మరొకచోట ఉండదు.

డబ్బు కడితే తీరిపోయిందనుకోకండి. లైసెన్సు మీదికి కూడా వస్తుంది. రోడ్డు భద్రత మీద సుప్రీంకోర్టు నియమించిన కమిటీ 2015లో అన్ని రాష్ట్రాలకూ ఒక మాట చెప్పింది. డ్రైవింగులో ఫోన్ వాడినవారి లైసెన్సు కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలన్నది. మనలో ఆటో నడిపేవారున్నారు, ట్యాక్సీ, లారీ నడిపేవారున్నారు. మూడు నెలలు లైసెన్సు లేకపోతే ఇంట్లో పొయ్యి మీద ఏం పెడతారో లెక్క వేసుకోండి.

"మరి దారి చూసుకోవాలి కదా, మ్యాపు చూడకూడదా?" అని కుర్రవాళ్ళు అడుగుతారు. చూడవచ్చు. 2020 అక్టోబరు 1 నుంచి వచ్చిన నిబంధన దారి చూసుకోవడానికి మాత్రమే ఫోన్ వాడవచ్చునంటుంది, అదీ డ్రైవరు ఏకాగ్రత చెడకుండా. అంటే బయలుదేరే ముందు ఊరి పేరు పెట్టుకుని, స్టాండులో బిగించి, చెవితో వింటూ పోవాలి. హ్యాండిల్ దగ్గర సినిమా పెట్టుకుని పోతున్న ఆటోలను నేను కళ్ళారా చూశాను. అది దారి చూసుకోవడం కాదు.

మన పిల్లలు చాలామంది గల్ఫులో డ్రైవర్లుగా ఉన్నారు. వారి తల్లిదండ్రులు ఈ మాట ప్రత్యేకంగా వినాలి. దుబాయి ఉన్న ఎమిరేట్స్ దేశంలో ఈ తప్పుకు 800 దిర్హాములు జరిమానా, పైగా నాలుగు బ్లాక్ పాయింట్లు. ఏడాదిలో 24 పాయింట్లు చేరితే లైసెన్సు సస్పెండ్ అవుతుంది. సౌదీలో 500 నుంచి 900 రియాళ్ళు. ఇక్కడ నుంచి మీరు "బేటా, అన్నం తిన్నావా?" అని ప్రేమతో చేసే ఫోన్ కాల్ వాడి జీతంలో పెద్ద ముక్కను తినేయగలదు.

ఇదంతా పోలీసు వేసే శిక్ష. రోడ్డు వేసే శిక్ష వేరు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా పోతుంది. "ఎవరు చేశారో" అని మూడు సెకన్లు ఫోను వైపు చూశారనుకోండి, 50 మీటర్లు కళ్ళు మూసుకుని నడిపినట్టే. ఫోన్ వాడుతూ నడిపేవారికి ప్రమాదం జరిగే అవకాశం సుమారు నాలుగు రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నా పెద్ద తేడా లేదంటున్నది. చేతులు ఖాళీగా ఉన్నా మనసు ఖాళీగా లేదు కదా! మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అంటే రోజుకు సుమారు 460 మంది. ఎదుటివాడి ప్రాణం పోతే, 2024 జులై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం నిర్లక్ష్యానికి ఐదేళ్ళ వరకు జైలు పడవచ్చు.

ఇక నేను ఈ విషయాన్నే ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

31 ఏళ్ళలో ఒక్క ప్రమాదం చేయని డ్రైవరునని నాకు బ్యాడ్జి ఇచ్చారు. ఇప్పటికీ అది మా ఇంటి గోడకు ఉంది. నాలుగేళ్ళ క్రితం ఒక సాయంత్రం మా చిన్నవాడు బైకు మీద బజారుకు వెళ్ళాడు. ఇంట్లో కొత్తిమీర లేదని మా ఇంటావిడ అంటే నేను ఫోన్ చేశాను. వాడు ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మూడోసారి ఎత్తాడు. "అబ్బా, దారిలో ఉన్నాను" అన్నాడు. హెల్మెట్‌లో ఫోను దోపుకుని మాట్లాడుతున్నాడు. సరే అని పెట్టేయవచ్చు కదా? నేను పెట్టలేదు. "కొత్తిమీర మరిచిపోకు, ఆ మూల కొట్లో..." అని చెబుతూనే ఉన్నాను. ఆ మాట పూర్తి కాలేదు. పెద్ద చప్పుడు వినిపించింది. రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రాలీకి గుద్దుకున్నాడు.

దేవుడి దయవల్ల బతికాడు. కాలిలో రాడ్ వేశారు. ఎనిమిది నెలలు పనికి పోలేదు. వాడి పెళ్ళి కోసం దాచిన డబ్బు ఆస్పత్రికి పోయింది. ఈ రోజుకీ కుంటుతూ నడుస్తాడు. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఫోన్ చేసింది ఎవరు? "డ్రైవరుతో మాట్లాడరాదు" అనే బోర్డు కింద జీవితమంతా కూర్చున్న నేను!

చట్టం ఫోన్ ఎత్తినవాడికే జరిమానా వేస్తుంది. చేసినవాడికి ఏ సెక్షనూ లేదు. ఆ సెక్షన్ మన ఇంట్లో మనమే పెట్టుకోవాలి.

కనుక నా మనవి మూడే మూడు మాటలు. ఇంట్లోవాళ్ళు బండి మీద బయలుదేరితే చేరేదాకా ఫోన్ చేయకండి. పొరపాటున చేసి, "దారిలో ఉన్నాను" అని వినబడితే, "ఆగిన తరువాత చెయ్యి" అని వెంటనే పెట్టేయండి. కుర్రవాళ్ళు ఫోన్ ఎత్తకపోతే కోపగించుకోకండి, వాడు బుద్ధిగా నడుపుతున్నాడని సంతోషించండి. నడిపేవారికి ఒక్క మాట: అంత అవసరమైతే పక్కకు ఆపి మాట్లాడండి. రెండు నిమిషాలు ఆలస్యమైతే ఏ కొంపా మునగదు.

కొత్తిమీర లేకపోయినా ఆ పూట కూర తినేవాళ్ళం. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. మీకు తట్టాలని ఈ నాలుగు మాటలు చెప్పాను.