పౌలు, పావెల్: ఒక పేరు మన దాకా నడిచిన దారి



హాజరుపట్టీ పిలిచేటప్పుడు ఏ బిడ్డ పేరునూ తప్పుగా పలకకూడదన్నది మన మాస్టారి పట్టుదల. ఆయన స్మృతిలో మాట్లాడమన్నప్పుడు, పేర్ల గురించి మాట్లాడటమే తగిన పని అనిపించింది.

మనం కూర్చున్న చోటే పేర్ల చరిత్ర ఉంది. 1806లో ఈ సికింద్రాబాదు కంటోన్మెంటుకు మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. గ్రీకుల అలెగ్జాండరే పారశీకుల నోట సికందరై మన ఊరి పేరులో చేరాడు. మన బోయిగూడ పేరులోని బోయీ అంటే పల్లకీ మోసే మనిషి. ఊరికి ఏలినవాడి పేరు, పేటకు మోసినవాడి పేరు మిగిలాయి. ఈ రెంటినీ కలిపి చూసే పేరు ఒకటుంది: రష్యన్ల పావెల్, మన పౌలు.

లాటిన్‌లో పౌలుస్ అంటే చిన్నవాడు. అయినా ఆ పేరు మొదట పెద్దింటిదే. క్రీ.పూ. 216లో కానే యుద్ధంలో హన్నిబాల్ సేనల చేతిలో మరణించిన రోమన్ కాన్సులు ఎమిలియుస్ పౌలుస్. క్రీ.పూ. 168లో పిడ్నా దగ్గర మాసిడోనియా రాజును ఓడించినవాడు ఆయన కొడుకు.

ఆ పేరును లోకమంతా తిప్పింది మాత్రం తార్సు పట్టణపు సౌలు. అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయంలో, కుప్రలో సెర్గి పౌలు అనే అధిపతి ఎదుట, సౌలును మొదటిసారి పౌలు అంటారు. ఆ అధిపతి పేరులోని రెండు ముక్కలూ రోమన్లవే. రెండూ రష్యాలో సెర్గేయ్, పావెల్‌గా బతికాయి.

లాటిన్‌లో లేని ‘వ’ ఎలా వచ్చింది? స్లావులకు ఈ పేరు గ్రీకు క్రైస్తవం ద్వారా అందింది. తొమ్మిదో శతాబ్దంలో సిరిల్, మెథోడియస్ స్లావు భాషలో గ్రంథాలు రాసేనాటికి గ్రీకులు పౌలోస్‌ను పావ్లోస్ అని పలుకుతున్నారు. ఆ పలుకుబడే రష్యా, చెక్ దేశాల్లో పావెల్‌, ఉక్రెయిన్‌లో పావ్లో, సెర్బియాలో పావ్లె అయింది. తండ్రి పేరు కొడుకు పేరులో నిలిపే రష్యన్ ఆనవాయితీ వల్ల పావ్లొవిచ్ వచ్చింది: చెఖోవ్ పూర్తి పేరు అంతోన్ పావ్లొవిచ్ చెఖోవ్. ఇంట్లో ముద్దుగా పావెల్‌ను పాషా అంటారు. మన హైదరాబాదు పాషా వేరు, అది తుర్కీ బిరుదు.

తెలుగునేలకు ఈ పేరు రెండు దారుల్లో వచ్చింది. మొదటిది చర్చి దారి. 1876–78 కరువు తర్వాత, 1878 జూలై 3న, ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున క్లౌ దొర మిషను వారు ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. ఊరి నోట సగం విరిగి, ఈసడింపుగా పలికిన పేర్లతో బతికిన కుటుంబాల్లో పౌలు, యోహాను వంటి పేర్లు పూర్తిగా పలికే పేర్లయ్యాయి.

రెండోది పుస్తకాల దారి. 1902 మేడే నాడు రష్యాలోని సోర్మొవోలో ఎర్రజెండా పట్టిన కార్మికుడు ప్యోతర్ జలొమొవ్. అతన్ని చూసి రష్యన్ రచయిత గోర్కీ తన నవలలో మలచిన యువకుడికి పావెల్ అని పేరు పెట్టాడు. క్రొవ్విడి లింగరాజు తెలుగు చేసిన ‘అమ్మ’ ద్వారా ఆ పావెల్, తల్లి నీలొవ్నా మన పాఠకుల ఇంటివాళ్లయ్యారు. ఒస్త్రోవ్‌స్కీ నవల ‘కాకలు తీరిన యోధుడు’ నాయకుడూ పావెలే. కమ్యూనిస్టు ఇళ్లలో లెనిన్, గోర్కీ అని పిల్లలకు పేర్లు పెట్టుకున్న తరం చదివిన పుస్తకాలివి.

ప్రార్థన చేసే ఇల్లు, జెండా మోసే ఇల్లు తమలో తాము ఎంత వాదించుకున్నా, ఒకే మూలం నుంచి వచ్చిన పేరును ప్రేమించాయి. రెండు చోట్లా ఆ పేరు అంటిపెట్టుకున్నది చిన్నవాడని తోసేసిన మనిషినే. అందుకే అది పరాయిదని నేను ఒప్పుకోను. తల్లి ఉయ్యాలలో పిలిచిన పేరు ఆ తల్లి భాషదే.

ఒక కోరికతో ముగిస్తాను. మన చర్చిల బాప్తిస్మపు రిజిస్టర్లు, పాత బడుల అడ్మిషన్ పుస్తకాలు చెదలు పట్టకముందే చదివించి, తెలుగువారి వ్యక్తినామాల కోశం ఒకటి తయారుచేయాలి. ఏ పేరు ఏ ఊళ్లో, ఏ కాలంలో, ఎందుకు వచ్చిందో అందులో రాయాలి. ఇంట్లో అవ్వలను, తాతలను అడిగి ఆ పని మొదలుపెట్టమని ఇక్కడున్న విద్యార్థులను కోరుతున్నాను. మాస్టారికి అదే సరైన స్మారకం.