స్టేషన్‌కు మార్కులు ఎవరు వేయాలి?

ఈ సదస్సులో పత్రాలు సమర్పించవలసినవారు చాలామంది ఉన్నారు కనుక నేను ఒక్క విషయమే ఎత్తుకుంటాను: పోలీసు శాఖకు వృత్తిపరమైన గుర్తింపు.

ఉన్నత విద్యాసంస్థలకు గుర్తింపు ఇచ్చే న్యాక్ బృందం వస్తోందంటే మన కాలేజీల్లో ఏం జరుగుతుందో ఈ సభకు చెప్పనక్కర్లేదు. గోడలకు రంగులు పడతాయి, ఏళ్లనాటి మినిట్స్ పుస్తకాలు రాత్రికి రాత్రే నిండిపోతాయి. పోలీసులకు అలాంటి ఏర్పాటు అమెరికాలో 1979లో మొదలైంది. పోలీసు చీఫ్‌ల సంఘం, షెరీఫ్‌ల సంఘం వంటి నాలుగు సంస్థలు కలిసి ఒక కమిషన్‌ను పెట్టుకున్నాయి. దాని పొట్టిపేరు ‘కలీయా’. ఇరవై ఒక్కమంది సభ్యుల్లో పదిమంది పోలీసు శాఖకు బయటివారు. 1984లో ఫ్లోరిడాలోని మౌంట్ డోరా అనే చిన్న ఊరి పోలీసులకు తొలి గుర్తింపు దక్కింది. ఇందులో చేరాలన్న నిర్బంధం ఎవరికీ లేదు. చేరినవారు మాత్రం నియమాలు రాతలో పెట్టుకోవాలి, పాటిస్తున్నట్టు రుజువులు చూపాలి, పై ఊళ్ల నుంచి వచ్చిన అధికారుల తనిఖీకి నిలబడాలి.

ఆ ప్రమాణాల్లో నాకు బాగా నచ్చింది కేసు ప్రాపర్టీ ఉంచే గదికి సంబంధించినది. ఆ గది బాధ్యుడు మారితే పాతవారూ కొత్తవారూ కలిసి సొత్తు లెక్క చూసుకోవాలి. ఏడాదికోసారి ఆ గదితో రోజువారీ సంబంధం లేని అధికారి ఆడిట్ చేయాలి. చెప్పాపెట్టకుండా తనిఖీలూ జరగాలి. ఇక మన స్టేషన్ల ఆవరణ చూడండి. సీజ్ చేసిన ఆటోలు, మోటారు సైకిళ్లు తుప్పుపట్టి, సీట్లు చిరిగి, చక్రాల మధ్య పిచ్చిమొక్కలు మొలిచి ఉంటాయి. సుందర్‌భాయ్ దేశాయి కేసులో సుప్రీంకోర్టు 2002లోనే స్పష్టంగా చెప్పింది: పంచనామా రాసి, ఫొటోలు తీసి, పూచీకత్తు మీద సొత్తు అప్పగించండి, పదిహేను రోజులకో నెలకో మించి స్టేషన్లో ఉంచొద్దు అని. ఆ ఆటో ఎవరిదో ఒకరి బతుకుదెరువు కదా!

అమెరికా పద్ధతి గొప్పదని చంకలు గుద్దుకోవడానికి ఇదంతా చెప్పడం లేదు. అక్కడి సుమారు పద్దెనిమిది వేల పోలీసు విభాగాల్లో దాదాపు సగంలో పదిమంది సిబ్బంది కూడా ఉండరు. ఈ కాగితాల పనికి మనిషిని కేటాయించడం వారికి తలకు మించిన భారం. జార్జి ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసు చేతిలో మరణించిన కొద్దివారాలకే, 2020 జూన్‌లో, కొన్ని కేంద్ర నిధులకూ బయటి సంస్థల గుర్తింపుకూ ముడిపెడుతూ అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. డబ్బుతో ముడిపడ్డాక గుర్తింపు ఎటు జారుతుందో న్యాక్ చూసినవాళ్లం, మనకు తెలుసు.

మన దగ్గరా స్టేషన్లకు ఐఎస్‌ఓ సర్టిఫికెట్లు వస్తున్నాయి. కేంద్ర హోంశాఖ ఏటా ఉత్తమ స్టేషన్లను ప్రకటిస్తోంది. 2023 సంవత్సరానికి మన తెలంగాణలోని రాజేంద్రనగర్ స్టేషన్ దేశంలోనే మొదటిదిగా నిలిచింది. సంతోషించవలసిందే. అయితే నా తూనికరాయి వేరు. కాగ్నిజబుల్ నేరం, అంటే పోలీసులు నేరుగా దర్యాప్తు చేయదగ్గ నేరం, జరిగిందని చెబితే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లో తేల్చింది. అయినా ‘పెద్దమనుషుల్లో మాట్లాడుకోండి’ అని తిప్పిపంపితే, సర్టిఫికెట్ కోసం రిసెప్షన్లో ఎన్ని కుర్చీలు వేస్తే ఏం లాభం? ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2006లో రాష్ట్రానికీ జిల్లాకూ పోలీసు ఫిర్యాదుల సంస్థలు పెట్టమన్నది. ఏ గుర్తింపైనా అలాంటి బయటి కన్ను లేనిదే చెల్లదని నా అభిప్రాయం. స్టేషన్‌కు మార్కులు వేయవలసినవాడు ఫిర్యాదుదారు.

పరిశోధక విద్యార్థులకు ఒక్క మనవి. సర్టిఫికెట్ ఉన్న స్టేషన్ ఒకటి, లేనిది ఒకటి ఎంచుకోండి. సీజ్ చేసిన బండ్ల వివరాలు సమాచార హక్కు కింద అడగండి. ఎఫ్‌ఐఆర్ కాగితం చేతికొచ్చేసరికి ఎన్నిసార్లు తిరిగారో ఫిర్యాదుదారుల్నే అడిగి రాసుకోండి. వచ్చే సదస్సుకు ఆ పత్రాలతో రండి.