నెలలు నిండని పాప – ఇంటివారి కృతజ్ఞత

నెలలు నిండకుండా బిడ్డ పుట్టిందని కబురు రాగానే ఇళ్ళల్లో మొక్కులు మొదలవుతాయి. "బతికి బట్టకడితే కొండకు వస్తాం, తలనీలాలిస్తాం" అంటారు అత్తగారు. "డాక్టరమ్మకు పట్టుచీర పెడదాం" అంటారు మామగారు. మంచిదే. కాని ఇవన్నీ గండం గడిచాక తీర్చుకునే ఋణాలు. బిడ్డ ఇంకా బాక్సులోనే ఉండగా, రేపటి మాట డాక్టరు కూడా చెప్పలేకుండా ఉండగా, ఆ రోజుల్లోనే చెప్పుకోవలసిన కృతజ్ఞత ఒకటుంది. దాన్ని గురించి ఈవేళ మీతో మాట్లాడదామనుకుంటున్నాను.

మా పుట్టిల్లు అయిజ. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నడిగడ్డ. నేను కాపురముండేది హైదరాబాదులో. పట్నంలో కాపురమంటే మీకు తెలుసుగా, ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా మన ఇల్లే సత్రం! మా అన్నయ్య కోడలికి ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. అయిజ నుంచి గద్వాలకు, గద్వాల నుంచి ఇక్కడికి తీసుకొచ్చారు. పాప బరువు 1,200 గ్రాములు. మా ఇంటి నుంచి ఆసుపత్రికి 40 రోజులు క్యారియరు మోశాను కనుక ఇవి నేను కళ్ళారా చూసిన సంగతులు.

అన్నిటికన్నా ముందు చెప్పవలసింది తల్లికి. సుమారు 34 వారాలు వచ్చేదాకా బిడ్డకు చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కలిపి చేసే నేర్పు రాదు. అందుకని సన్నని గొట్టంతో పాలు పొట్టలోకి పంపుతారు. ఆ పాలు రావాలంటే తల్లి రెండు మూడు గంటలకొకసారి, అర్ధరాత్రి కూడా లేచి, చేత్తో పిండి గిన్నెలోకి పట్టాలి. మొదట్లో వచ్చేవి నాలుగు చుక్కలే. ఆ ముర్రుపాలే ఆ పసికందుకు రోగం రాకుండా కాపుకాసేవి. ఇంత చేస్తున్న పచ్చి బాలింతతో మనమేమంటాం? "ప్రాణాలతో ఉంది కదా, దేవుడికి దణ్ణం పెట్టుకోక ఏడుపెందుకు?" అంటాం. భయంతో వణుకుతున్న పిల్లను కృతజ్ఞతగా ఉండమని గదమాయించడం నాకెప్పుడూ నచ్చదు. పైగా "ఏం తిన్నావో, ఎక్కడ తిరిగావో" అని ఆరాలు! రక్తపోటు, ఏదో ఒక ఇన్‌ఫెక్షను, కవలలు కావడం... ఎన్నో కారణాలుంటాయి. చాలాసార్లు కారణమే దొరకదు.

మా వదిన కాస్త నోరున్న మనిషే. కాని ఆ గిన్నె అడుగున నాలుగు చుక్కలు చూసి, "ఎన్ని పాలిచ్చినావే నా తల్లీ!" అంది. ఆ పిల్ల ముఖం చూడాలి అప్పుడు! మర్నాటి నుంచి అలారం పెట్టుకుని మరీ లేచేది.

ఇంక వెచ్చదనం సంగతి. 1978లో కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో బాక్సులు చాలక, ఎడ్గార్ రే అనే డాక్టరు పసిబిడ్డల్ని తల్లి గుండెల మీదే పెట్టి కట్టించాడు. దాన్నే కంగారూ పద్ధతి అంటున్నారు. తనంతట తాను ఊపిరి తీయలేని బిడ్డల్ని మినహాయిస్తే, పుట్టిన వెంటనే ఇది మొదలుపెట్టవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. రోజుకు 8 గంటలకు తగ్గకుండా, వీలైతే రోజంతా. అంతసేపు ఒక్క తల్లి వల్ల అవుతుందా? నర్సమ్మ మా అన్నయ్య కొడుకును చొక్కా బొత్తాలు విప్పి కూర్చోమంటే వాడు సిగ్గుపడి చచ్చాడు. "నీ బిడ్డే కదరా, దొంగసొత్తు కాదు" అని మా వదిన కసిరి కూర్చోబెట్టింది. తర్వాత తానూ వంతు తీసుకుంది. తల్లికి మూడు గంటలు నిద్ర దొరికింది. నన్నడిగితే, పట్టుచీర కన్నా ఆ నిద్రే ఎక్కువ.

మొదటి వారం కోడలి పాలు చాలలేదు. పాలనిధి నుంచి తెచ్చి పోశారు. మన దేశంలో ఇలాంటిది మొదట 1989లో బొంబాయి సయన్ ఆసుపత్రిలో పెట్టారు. హైదరాబాదు నీలోఫరులో ‘ధాత్రి’ ఉంది. ఇచ్చే తల్లికి పరీక్షలు చేసి, పాలను తగినంత వేడిలో శుద్ధి చేసి, నిలవ ఉంచుతారు. మా పాప తాగినవి ఎవరి పాలో మాకు తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. మా పక్క మంచం ఆమెకు బిడ్డ దక్కలేదు. పాలు మాత్రం ఆగలేదు. ఆమె ఇంటికి వెళ్ళే ముందు ఆ పాలు నిధికిచ్చి వెళ్ళింది. అలాంటి తల్లికి ఏమని చెబుతారు? "మీ మేలు మరవం" అంటే మన పాప బతికి ఉన్నదని గుర్తుచేసినట్టవుతుంది. మా వదిన ఏమీ అనలేదు. నేను తెచ్చిన జొన్నరొట్టె, పప్పు ఆమె ముందు పెట్టి, పక్కన కూర్చుని తినిపించింది. కోడలికి పాలు పుష్కలంగా వచ్చాక మిగిలినవి తానూ ఇచ్చింది.

నీలోఫర్ అన్నాను కనుక ఒక మాట. ఏడవ నిజాం కోడలు నీలోఫర్ రాకుమారికి పిల్లల్లేరు. తన దాసి రఫత్ పురిట్లో చనిపోతే తట్టుకోలేక, ఇలాంటి ఆసుపత్రి ఉండాలని పట్టుబట్టిందట. అది 1953లో తెరిచారు.

ఆయాకూ వార్డుబాయికీ నోట్లు పెట్టే అలవాటు మాత్రం నాకు గిట్టదు. మనం సంతోషంగానే ఇస్తాం. కాని వెనకాల నిలబడ్డ కూలిపని చేసుకునే ఆమె ఏమిచ్చుకోగలదు? 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో నవజాత శిశువుల వైద్యం, మందులు, రాకపోకల వాహనం ఉచితం. మన నోట్లు ఆ ఉచితాన్ని చెడగొట్టకూడదు. ఫలానా రాత్రి ఫలానా నర్సు మా బిడ్డను ఇలా కనిపెట్టుకుంది అని పేరు రాసి ఆసుపత్రి పెద్దలకు ఉత్తరమివ్వండి. లోపలికి వెళ్ళేటప్పుడు గాజులు, ఉంగరాలు తీసి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోండి. చూసిపోదామని వచ్చే చుట్టాలను గుమ్మంలోనే ఆపండి. నర్సులకు ఇంతకన్నా మేలు చేసే బహుమానం లేదు.

పాప ఇంటికొచ్చాక మొక్కుల హడావుడిలో ఒకటి మరిచిపోతారు. 34 వారాల లోపు పుట్టిన బిడ్డకూ, 2 కిలోల లోపు బిడ్డకూ నెల తిరిగేలోగా కంటి వెనక పొర పరీక్ష చేయించాలి. ఆలస్యమైతే చూపు పోవచ్చు. మా పాపకు ఆసుపత్రిలో ఉండగానే ఒకసారి చేశారు. రెండు వారాలకు మళ్ళీ రమ్మన్నారు. "బిడ్డ బాగానే ఉంది కదా, అయిజ నుంచి అంత దూరం ఎందుకు?" అన్నాడు మా అన్నయ్య. మా వదిన కొండకు కట్టిన ముడుపు విప్పి, బస్సు ఛార్జీలకు అందులోంచే తీసింది. "స్వామికి తర్వాత కడతాం, ఆయనకేం తొందర" అంది.