ఫోనులో తెలుగు, బడిలో తెలుగు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంస్కృతి, మతం, భాష ఇవాళ చదువులోనూ రాజకీయాల్లోనూ ఎలా ఉన్నాయో చెప్పమన్నారు నిర్వాహకులు. అంత మోయడం నా వల్ల కాదు. ఒక్క కొస పట్టుకుంటాను. మన పిల్లలకు రాజకీయం, భక్తి, పుకారు అన్నీ ఫోనులో తెలుగులోనే వస్తున్నాయి. వాటిని నిలబెట్టి ప్రశ్నించే చదువు మాత్రం తెలుగులో అందడం లేదు.

మెట్టుగూడలో పెరిగినవాళ్ళకు నాలుగు భాషల మధ్య బతకడం ఒకరు నేర్పాల్సిన పని లేదు. 1966లో సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాక, బదిలీల మీద ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి ఈ క్వార్టర్లలో దిగారు. ఒక వరసలోనే తమిళం, మరాఠీ, కన్నడం, ఉర్దూ వినపడేవి. కుళాయి దగ్గర తగాదా వస్తే మాత్రం అందరికీ తెలుగే వచ్చేది! సెయింట్ ఆంథోనీ చర్చికి వెళ్ళేవాడు, శుక్రవారం మసీదుకు వెళ్ళేవాడు, శనివారం ఆంజనేయుడి గుడికి వెళ్ళేవాడు ఒకే తెలుగు వాచకం ముగ్గురూ పంచుకుని చదివాం. అందుకే భాషకు మతం అంటగట్టే మెసేజీలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పోతన భాగవతం తెలుగే. తెలుగు బైబిలు తెలుగే. చిలుకూరి నారాయణరావు గారు ఖురానును అనువదించింది కూడా ఈ తెలుగులోకే.

మన ఊళ్ళో భాష రాజకీయం కావడం కొత్త కాదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటర్లో జరిగిన సభలో ఆలంపల్లి వేంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి ఆపేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. అప్పుడు తెలుగుకు వేదిక కరువు. ఇప్పుడు ప్రతి చేతిలో ఒక వేదిక ఉంది, ఎవడు ఏం మాట్లాడుతున్నాడో అడిగే నాథుడే కరువు.

2018ని గుర్తు చేసుకోండి. ఆ ఏడాదే తెలంగాణ ప్రభుత్వం బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. సరిగ్గా ఆ ఏడాదే పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో వీడియోలు ఊళ్ళను వణికించాయి. దేశంలో చాలాచోట్ల అమాయకులను కొట్టి చంపారు. గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు ఏం చేశారు? పోలీసులను ఊరూరికీ పంపారు. డప్పుతో, పాటతో, జనం మాట్లాడుకునే భాషలోనే ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. తెలుగులో వచ్చిన అబద్ధానికి తెలుగులోనే జవాబు. బడి చేయాల్సిన పని అక్కడ పోలీసులు చేశారు.

మరి బడిలో ఏం జరుగుతోంది? వాదనంతా మీడియం చుట్టూనే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సర్కారు బడులను ఇంగ్లీషు మీడియం చేస్తూ జీవో ఇచ్చారు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఇంగ్లీషు కోరుకునే తల్లిదండ్రులను నేను తప్పు పట్టను. షెడ్డులో పనిచేసిన మా నాన్న కూడా అదే కోరుకున్నాడు. నా బాధ ఆ మిగిలిన ఒక్క తెలుగు పీరియడ్ గురించి. చట్టం వచ్చింది, పుస్తకం వచ్చింది. 2025లో సీబీఎస్ఈ వంటి బోర్డుల బడులకు ‘సింగిడి’ కష్టమని ‘వెన్నెల’ అనే సులభ వాచకం ఇచ్చారు. మంచిదే. కానీ ప్రతిపదార్థం, సందర్భ సహిత వ్యాఖ్య, మార్కులు... అక్కడితో సరి. ఇంటర్లోకి వెళ్ళగానే ఆ తెలుగు కూడా వదిలి, మార్కులు పడతాయని సంస్కృతం తీసుకుంటారు. ఆ సంస్కృతం జవాబుల్లో సగం తెలుగు లిపిలో ఉంటాయి, అది వేరే కథ.

ఫోనుకు తెలుగు రాదనే సాకు కూడా ఇప్పుడు లేదు. ఒకప్పుడు నిజమే, తంటాలు పడ్డాం. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే ఒక్క తెలుగు అక్షరం మెసేజీలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు మూతబడిపోయాయి. జ్ఞానంలో మొదటి అక్షరమే అంతటి ఫోనును పడగొట్టిందని నవ్వుకున్నాం. ఆపిల్ వాళ్ళు కొద్దిరోజుల్లోనే సరిచేశారు. ఇప్పుడు టైపు చేయొచ్చు, నోటితో చెప్పి రాయించొచ్చు. అయినా ఈ సంచికకు వ్యాసాలు అడిగితే మీలో ఎక్కువమంది వాయిస్ మెసేజీలు పంపారు, లేదా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పంపారు. వాటిని విని, విడదీసి, టైపు చేసిన సంపాదకవర్గం కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. స్వర్ణోత్సవ నిధితో బడికి పెద్ద గేటు, దాని మీద దాతల పేర్లు అని ఒక ప్రతిపాదన ఉంది. నేను గేటుకు వ్యతిరేకిని కాను. అయితే అందులో కొంత తీసి, తొమ్మిదో తరగతి పిల్లలకు శనివారం ఒక గంట పెడదాం. ఆ వారం వాళ్ళ ఇంటి గ్రూపులోకి వచ్చిన ఒక తెలుగు మెసేజీని గోడ మీద చూపిద్దాం. రాసిందెవరు? ఏ ఊరు, ఏ తేదీ? ఫోటో ఎప్పటిది? ‘అందరూ’ అన్నాడు, ఎవరా అందరూ? జవాబు పిల్లలే తెలుగులో టైపు చేసి, అదే గ్రూపులో పెట్టే ధైర్యం వచ్చేదాకా సాధన చేయాలి.

గొడవలొస్తాయి, మతం, పార్టీల జోలికి పోవద్దని ఒక మాస్టారు నిన్న నాతో అన్నారు. ఆయన భయం అర్థమైంది. సర్కారు నిధులతోనే నడిచే బడిలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణంలోనే ఉంది. మనం ఏ మతాన్నీ బోధించం, ఏ పార్టీనీ పొగడం. వాక్యం నిలబడుతుందా లేదా అని మాత్రమే అడుగుతాం. అన్ని పార్టీల మెసేజీలనూ వంతులవారీగా అడుగుతాం, మీకు నచ్చిన పార్టీతో సహా.

రేపు ఉదయం సర్వసభ్య సమావేశంలో ఈ ప్రతిపాదన పెడుతున్నాను. బలపరచడానికి ఒకరు కావాలి. మొదటి నెల క్లాసు చెప్పడానికి ఇద్దరు కావాలి, టైపింగ్ వచ్చినవాళ్ళయితే మరీ మంచిది. పేర్లు టీ దగ్గర నాకివ్వండి. సెలవు.