విద్యార్థుల మనఃక్షేమము – మన కర్తవ్యము

(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)

 

 విద్యానిధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు పూర్వవక్తలు చక్కగా సెలవిచ్చిరి. ఆ నిధితో చదువుకొను బాలబాలికల మనస్సును గూర్చి మేము నాలుగు మాటలు విన్నవించెదము.

బిడ్డకు జ్వరము వచ్చినచో వైద్యుని పిలుతుము. మనస్సు కుంగినచో సోమరితన మందుము. ఈ భేద మేల? భగవద్గీత ప్రథమాధ్యాయమునకు అర్జునవిషాదయోగ మని పేరు. అంతటి వీరునకు నోరెండినది, మేను వణకినది, విల్లు జారినది. పరీక్షకు ముందు నేటి పిల్లలు చెప్పుకొను బాధలును ఇవియే. అర్జునుడు తన దుఃఖమును వెళ్లబోసికొనుచుండగా సారథి నడుమ అడ్డుపడలేదు. ఉపదేశము పిదప వచ్చినది. మనమో, పిల్లవాడు నోరు విప్పకముందే పదునెనిమిది అధ్యాయములు వినిపింతుము.

"మేము బెత్తపుదెబ్బలు తిని చదివితిమి, ఆనాడు ఈ జబ్బులు లేవు" అని కొందరు పెద్దలందురు. బాధ ఆనాడును కలదు. దానికి పేరు లేదు. పైగా నాటి బాలుడు సాయంకాలమునకు తల్లియొద్దకు చేరెడివాడు. నేటి బాలుడు దివిసీమ పల్లె విడిచి, గుడివాడలోనో బెజవాడలోనో హాస్టలు గదిలో రాత్రి చాలసేపటివరకు పుస్తకము ముందు కూర్చుండును.

2022లో మన దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరని జాతీయ నేరగణాంక సంస్థ లెక్క. 2019 ఏప్రిల్‌లో తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిదప 20 మందికి పైగా పిల్లలు ప్రాణములు విడిచిరి. 2023లో విశాఖపట్టణమున నీట్ పరీక్షకు శిక్షణ పొందుచు మరణించిన 17 ఏండ్ల బాలిక తండ్రి న్యాయస్థానము నాశ్రయింపగా, సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికి వర్తించు నియమములను విధించినది. 100 మంది, అంతకు మించిన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయందును అర్హతగల కౌన్సిలరు ఉండవలెను, మార్కులను బట్టి పిల్లలను వేరు తరగతులుగా విడదీయరాదు, పదిమందిలో అవమానింపరాదు. మన పిల్లలు చదువు చోట ఇవి అమలగుచున్నవా అని అడుగు హక్కు తలిదండ్రులకు కలదు.

బందరు రేవులో ప్రమాదసూచిక ఎగిరినచో వేటకు పోవువారు పడవలను ఒడ్డున కట్టివేయుదురు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచిన దివిసీమవారికి హెచ్చరిక విలువ ఒకరు చెప్పనక్కరలేదు. మనస్సునకును సూచికలు కలవు. నిద్ర తప్పుట, అన్నము మానుట, స్నేహితులను విడుచుట, ఇష్టమైన వస్తువులను ఇతరులకు పంచిపెట్టుట, "నేను మీకు భారము" అనుట – ఇట్టివి కనబడినచో దగ్గర కూర్చుండబెట్టుకొని, "చావవలెనని తోచుచున్నదా నాయనా?" అని సూటిగా అడుగవలెను. అడిగినందున లేని తలంపు పుట్టదు. ఉన్న బరువు దిగును. పిదప బిడ్డను ఒంటరిగా విడువక వైద్యునొద్దకు తోడ్కొని పోవలెను. 2022 అక్టోబరున ప్రారంభమైన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసినచో రాత్రింబవళ్లు ఉచితముగా, తెలుగులోనే మాటాడుదురు.

ఇక మన సంఘము మాట. ర్యాంకులు వచ్చినవారికి శాలువలు కప్పుచున్నాము, సంతోషము. కాని "కులప్రతిష్ఠ నిలిపినా"డని ఒకని పొగడినపుడు, తప్పినవాడు దానిని చెరపినాడను మాట, ఎవ్వరు అనకయే, వెనుకవరుసలోని బాలుని చెవిని బడును. అమ్మిన అరయెకరము, తెచ్చిన అప్పు, అక్క పెండ్లి, ఆపై కులగౌరవము – ఇన్నింటిని పదునారేండ్ల భుజములపై మోపుట ధర్మమా?

కావున మూడు ప్రార్థనలు. విద్యానిధిలో కొంతభాగముతో మన వసతిగృహమునకు వారమున కొకసారి మానసిక నిపుణుని రప్పింపవలెను. ఫలితములు వెలువడు దినమున గ్రామమునకు ఇద్దరు పెద్దలు తప్పిన పిల్లల యిండ్లకు పోయి, ఆ వేసవిలోనే మరల పరీక్ష కలదని చెప్పి, ముందుగా తలిదండ్రులను శాంతపరుపవలెను. ఆదివారము ఫోనులో మార్కులను గూర్చి అడుగుటకు ముందు "ఏమి తింటివి? ఎవరితో ఆడితివి?" అని ప్రతి తల్లియు, తండ్రియు అడుగవలెను.

1910లో బందరున వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల చదువుతోపాటు చిత్రకళను, చేతిపనులను నేర్పినది. మార్కులకు లొంగని ప్రజ్ఞలు అనేకములు గలవని మన ఊరికి నూరేండ్లకు పూర్వమే తెలియును. ర్యాంకు రాని బిడ్డయు మన బిడ్డయే. ఈ సభ ముగియకముందే పై మూడింటిని తీర్మానములుగా నంగీకరింప వేడుచు సెలవు గైకొనుచున్నాము.

స్వస్తి.