వసంతము – వడగండ్లు – వార్తలు

(జనగామ పఠన మందిరమున ఉగాది సాయంకాలము చేసిన ప్రసంగము)



ఉగాదినాడు పంచాంగ శ్రవణము చేయుట మన యాచారము. వానలెన్ని, పంటలెట్లు, ఆదాయమెంత, వ్యయమెంత యని శ్రద్ధతో వినుచుందుము. మేము వినిపింపబోవునది పంచాంగము గాదు. ఈ ఋతువున మన సీమలో వీచు గాలులను గూర్చియు, ఆ గాలులకంటె వడిగా వ్యాపించు వార్తలను గూర్చియు మాకు తోచిన నాలుగు మాటలు మనవి చేయుదుము.

వసంతమనగా కావ్యములందు కోయిలయు, మామిడి చిగురును. మన రైతున కది భయముతో గూడిన కాలము. నేటి యుదయము మేము భూపాలపల్లినుండి వచ్చుచుండగా త్రోవపొడవున మోదుగులు ఎఱ్ఱగా పూసియుండెను. వేపకొమ్మలు పూతతో నిండియుండెను. అంతలో పడమట చిన్న మబ్బొకటి కనబడెను. దానిని చూచినంతనే ఒక రైతు పరుగున పోయి కల్లములోని మిరపకాయలపై పరదా కప్పదొడగెను. పగటి యెండకు నేల కాగి వేడిగాలి పైకి లేచుచుండగా, సముద్రమునుండి వచ్చిన తేమగాలి దానితో గలసినచో, మేఘము మిక్కిలి యెత్తునకు పెరిగి, అచటి చలికి నీరు గడ్డకట్టి రాళ్లై కురియును. పొట్టకు వచ్చిన వరి, కంకి పట్టిన మక్క, పిందె దిగిన మామిడి అరగంటలో నేలపాలగును.

2023 సంవత్సరమున ఉగాది మార్చి 22వ తేదీన వచ్చెను. దానికి ముందటి వారముననే రాళ్లవాన మన జిల్లాలను కొట్టెను. పండుగ మరునాడు అప్పటి ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖరరావుగారు ఖమ్మము, మహబూబాబాదు, వరంగల్లు, కరీంనగరము జిల్లాల పొలములు చూచిరి. రాష్ట్రమున 2,28,000 ఎకరములకు పైగా పంట దెబ్బతినెననియు, అందు మక్కయే 1,29,000 ఎకరములు మించెననియు తెలిపి, ఎకరమునకు 10,000 రూపాయల సాయము ప్రకటించిరి.

ఆ దినములలోనే మేమొక తప్పు చేసితిమి. దానిని చెప్పుకొనుటకే నేడిచట నిలుచుంటిమి.

తెలంగాణ యుద్యమమున జెండా పట్టిన మిత్రులము కొందరము నష్టముల పట్టిక వ్రాయుటకు జనగామ చుట్టుపట్ల పల్లెలు తిరుగుచుంటిమి. ఒకరాత్రి మా ఫోనునకొక వార్త వచ్చెను. ఒక పల్లెలో పిడుగుపడి గొఱ్ఱెల కాపరి యొకడు మరణించెనట! మాకు కన్నీరు వచ్చెను. కన్నీరు వచ్చిన వార్త నిజమే యగునని తలంచితిమి. పైగా మా మాటలు రెండు చేర్చి పదిమందికి పంపితిమి. వకీలు పంపెను గదా యని వారు మరి నూరుమందికి పంపిరి. తెల్లవారుసరికి అది యొక పత్రికలో అచ్చయ్యెను.

ఉదయము బియ్యమును, కొంత రొక్కమును తీసికొని మేమా యింటికి పోతిమి. చనిపోయినవాడే వెలుపలికి వచ్చి, చెంబుతో నీళ్లిచ్చి, మంచము వాల్చెను! మరణించినది అతడు గాదు; అతని గొఱ్ఱెలు పదునొకండు. అంతలో అతని కూతురు మహబూబాబాదునుండి వచ్చెను. తండ్రి లేడని రాత్రియే విని, దారిపొడవున ఏడ్చుచు వచ్చిన బిడ్డ! తండ్రిని చూచి నోట మాట రాక గడపమీద కూలబడెను. ఆ ముసలివాడు మమ్ము దూషింపలేదు. “వకీలు సారూ, సచ్చినయి గొర్లు, నేను గాదు. రాసేముందు ఒక్కపాలి అడుగరాదా?” అని మాత్రమే అనెను.

కథ అంతటితో ముగిసినచో సిగ్గు మాదిగానే యుండెడిది. లెక్క వ్రాయ వచ్చినవారు, పిడుగు వార్త యబద్ధమని తేలెను గనుక, ఆ పేరును పట్టికనుండి కొట్టివేసిరి. పేరుతోపాటు గొఱ్ఱెలును పోయెను. మేము మరల అర్జీలు వ్రాసి, సాక్షులను నిలిపి, ఆ పదునొకండు గొఱ్ఱెల మాట నిజమని నమ్మించుటకు మూడు మాసములు పట్టెను. అబద్ధము తాను పోవునప్పుడు ప్రక్కనున్న నిజమును గూడ వెంటగొనిపోవునని మాకప్పుడు తెలిసినది.

మేము న్యాయస్థానమున ఇరువదేండ్లుగా వాదించుచున్నవారము. కన్నవాడు కన్నదానిని, విన్నవాడు తాను స్వయముగా విన్నదానిని చెప్పవలెనని 1872 నాటి సాక్ష్య చట్టపు 60వ సెక్షను విధించినది. 2024 జూలై 1 నుండి క్రొత్త చట్టము వచ్చినను ఈ నియమము నిలిచియే యున్నది. పది రూపాయల తగవునకు మేము కోరు సాక్ష్యమును ఒక మనుష్యుని మరణమునకు కోరమైతిమి!

మన సీమ పత్రికలకు పుట్టినిల్లు. మహబూబాబాదు జిల్లాలోని ఇనుగుర్తి గ్రామమున 1922లో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు అచ్చుయంత్రము నిలిపి తెనుగు పత్రికను వెలువరించిరి. పల్లెటూర వారపత్రిక! తెలంగాణమున కవులు లేరని యొకరు వ్రాసినప్పుడు, సురవరము ప్రతాపరెడ్డిగారు తిట్టునకు తిట్టు చెప్పలేదు. ఊరూరినుండి రచనలు తెప్పించి, 1934లో 354 కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. రుజువే వారి బదులు. 1948 ఆగస్టులో ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్ తాను నమ్మిన నిజమును వ్రాసినందుకు హైదరాబాదు వీథిలో ప్రాణము లర్పించెను. అంత వెలపెట్టి కొన్న వస్తువును మనము వ్రేలి కొనతో జారవిడుచుట తగునా?

జాతి కష్టమునకు ఓర్చునని గర్వముతో చెప్పుకొందుము. నిజమే. 2020లో ఉగాదినాడే, మార్చి 25న, దేశమంతట తలుపులు మూతపడెను. మన గ్రామస్థులు దారిని నడచిపోవు కూలీలకు అన్నము పెట్టిరి. కాని అంతకు నెల ముందు కోడిమాంసముతో వ్యాధి వచ్చునను వదంతి పుట్టి, కోళ్ల రైతులు నష్టపోయిరి. మంత్రులు హైదరాబాదున వేదికనెక్కి కోడికూర తిని చూపవలసివచ్చెను. వ్యాధి రాకముందే వదంతి మన రైతును కొట్టెను.

మరియొక ఉదాహరణము. 2023 జూలై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెను. జనులు మేడలమీదికెక్కి సాయము కోరిరి. ఆ మాట చేరినందుననే పడవలును, సైన్యపు హెలికాప్టర్లును వచ్చినవి. ఆనాడు అట్టి కేకలు పది అబద్ధమై యుండినచో, పదునొకండవ కేకను ఎవరు నమ్మియుందురు? ఓర్పు మాత్రమే జాతిని నిలుపదు. దెబ్బ ఎచట తగిలెనో, ఎంత తగిలెనో అందరును ఒక్కరీతిగా తెలిసికొన్ననాడే చేయిచేయి కలియును.

కావున మా విన్నపము చిన్నది. ఈ మందిరమునందలి నల్లబల్లపై వార్త వ్రాయునప్పుడు, ఎవరు చూచిరి, ఎచట, ఎన్నడు అను మూడు మాటలు ప్రక్కన వ్రాయుడు. తెలియనిచో ఆ చోటు ఖాళీగా నుంచుడు. తప్పు జరిగినచో, తప్పు వ్రాసిన చోటనే, అంతటి యక్షరములతోనే దిద్దుడు. ఫోనులో వచ్చినదానిని పంపుటకు ముందు ఆ యూరివారి నొకరిని అడుగుడు. మేము జనగామలోను, మహబూబాబాదులోను, భూపాలపల్లిలోను ఈ మాటనే చెప్పుచున్నారము.

ఈ రాత్రి మబ్బు పట్టవచ్చును. రాళ్లు పడకుండ ఆపుట మన చేతిలో లేదు. పడినవెన్నో సరిగా చెప్పుట మన చేతిలోనే యున్నది.